మూడో గీత

నేను నాడాలు కొట్టేటోణ్ని, జానయ్యను.
హాలియా అంగట్ల ఎద్దును పడేసి
నాలుగు కాళ్లు ఒక్క తాడుకు కట్టి
గిట్ట చెక్కితే చాలు,
మొన్న అది ఏ దారిన నడిచిందో చెప్తా.
ఇదొక్కటే నాకొచ్చిన సదువు.

బండలాగుడు పందెంల సున్నపు గీతలు రెండు.
పొద్దుగాల పోసిన కాడనే మాపటిదాక ఉంటయి.
మూడో గీత ముత్తిలింగం నోట్ల ఉంటది.

"పెద్దవూర జత. ఇరవై నిమిషాలు.
రెండువేల ఎనిమిదొందల అడుగులు.
దాటుద్దంటవా, దాటదంటవా?"
బీడీకట్ట అట్టమీద రాస్తడు,
ఉమ్మి తడితోటి చెరిపి మళ్లా రాస్తడు.
ఆ గీతకు కాళ్లుంటయి.

పెద్దవూర ఎద్దులు ముందటి రోజే నా చేతుల కెళ్లి పోయినయి.
ఎలపటిది, మేకు దిగంగ రెప్పన్న కొట్టలే.
దాపటిది జర బెదురుది, కానీ జోడీ ఇడువదు.
నా లెక్క మూడువేలు.
ఎటు తిప్పి చూసినా మూడువేలే.

మేనల్లుడు సైదులుకు ఐదొందలిచ్చి
చెవిల చెప్పిన: "దాటదను. పదిమంది ఇనేటట్టు అను."
గీత కిందికి జారినంక
నా పదివేలు తీసి దాటుద్దని పెడ్దామని.
మడుగుల చేపలు పట్టేటోడు
ముందుగాల నీళ్లు కలెబెడ్తడు గద.

తొమ్మిదింటికి రెండువేల ఏడొందల యాభై.
నవ్వుకున్న.
ఇంక జర జారనియ్యి అనుకున్న.
పదకొండింటికి ఏడొందలు.
బత్తాయి లారీ దిగినోళ్లు ఇద్దరు దాటదన్నరు.
మిర్యాలగూడ మిల్లు గుమస్తా
బండికి స్టాండు ఎయ్యకముందే దాటదన్నడు.
ఆరొందలు.
నా నవ్వు ఆగింది.

మొదటి యాభై నాది. మిగిలింది ఎవరిది?
రాత్రి ఎద్దు మేత ముట్టలేదేమో.
జీతగాడు ఎవనికన్న చెప్పిండేమో.
గిట్ట నేను చూసిన,
కడుపు ఎవరు చూసిండ్రు?

చాయ్ బండి కాడ ఒకాయన, నన్నెరగనోడు,
నా భుజం మీదనే చెయ్యేసి అన్నడు:
"లోపలి మనిషి దాటదంటుండంట. పక్కా."

రెండువేల ఐదొందల యాభై.
చేతులకు తెలిసిన మూడువేలు
చెవులు ఇన్నదాని ముందట నిలవలే.
పదివేలు పెట్టిన,
దాటదని.

ఈల ఏసిండ్రు.
ఎలపటిది తల వంచింది.
దాన్ని చూసి దాపటిది వంచింది.
ఎండిన నేలమీద బండ
తిరగలి లెక్క గురగుర అన్నది.
గీత, మలుపు, మళ్లా గీత, మళ్లా మలుపు.
వాటికి ఎవ్వరు చెప్పలే
మూడోది ఎంత దూరం జరిగిందో.

టేపు పట్టి చదివిండ్రు:
రెండువేల తొమ్మిదొందల నలభై ఆరు అడుగులు,
నాలుగు అంగుళాలు.

నా నోట్లు ఏలు తడుపుకుంట లెక్కబెట్టి
ముత్తిలింగం నిజంగనే అడిగిండు:
"ఏందే జానయ్యా,
నీ అల్లుడు దాటదన్నడని అంగడంత దాటదన్నది.
గిట్టలు చూసిన మనిషికి తెల్వదా అని
నేను గూడ గీత దించిన.
మరి నువ్వెట్ల మునిగినవ్?"

లోపలి మనిషి.
పాడువడ్డ బాయిల నేనే ఒర్రి,
లోపల ఎవరో పిలుస్తున్నరని తొంగి సూసిన.

తెల్లారి పెద్దవూరోళ్లు ఎద్దులను మళ్లా తోలుకొచ్చిండ్రు,
దాపటిదానికి నాడ ఒకటి వదులైందని.
కాలు ఒళ్లె పెట్టుకున్న.
గిట్ట ఇంకా వెచ్చగుంది.
మూడువేలకు యాభై మూడు అడుగుల ఎనిమిది అంగుళాలు
ఎక్కడ తక్కువ పడ్డయో అప్పుడు కనబడ్డది:
నేను కొట్టిన మేకు ఒకటి వంకర పోయింది.

పటకారుతోటి పీకి,
ఎవ్వరికి చెప్పకుండ
జేబుల ఏసుకున్న.